ఒకే సెట్టింగ్స్ పెట్టినా ఫైల్ సైజులో తేడా ఎందుకు? వీడియోలు రాకముందే జవాబు చెప్పిన క్లాడ్ షానన్ జీవిత కథ

పేట్ బషీరాబాద్ నుంచి కొంపల్లి మీదుగా మేడ్చల్ వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన ఫంక్షన్ హాళ్లు వరుసగా కనిపిస్తాయి. ముహూర్తాలు మొదలయ్యాయంటే ఈ రూట్లో రాత్రంతా లైట్లే. పెళ్లి అయిపోయాక హాల్లో సందడి తగ్గుతుంది. అసలు పని అప్పుడు వీడియో ఎడిటర్ల దగ్గర మొదలవుతుంది.

ఒక పెళ్లి వీడియోను పెళ్లికూతురు వాళ్లకి ఒక కంప్యూటర్‌లో, పెళ్లికొడుకు వాళ్లకి ఇంకో కంప్యూటర్‌లో రెండర్ పెట్టారనుకుందాం. ఫుటేజ్ ఒకటే. ఫుల్ హెచ్‌డీ, సెకనుకు 25 ఫ్రేములు, హెచ్.264 కోడెక్. క్వాలిటీ దగ్గర కొట్టిన నంబర్ కూడా ఒకటే. సాఫ్ట్‌వేర్ మాత్రం వేరు. తెల్లారి చూస్తే ఒక ఫైల్ 1.4 జీబీ వచ్చింది, ఇంకోటి 1.9 జీబీ. ఇక మొదలవుతుంది గొడవ. మా పెన్‌డ్రైవ్‌లో ఏదో కట్ చేశారు, వాళ్లకి మంచి కాపీ ఇచ్చి మాకు తక్కువది ఇచ్చారు అని ఒక పక్క వాళ్లు అలుగుతారు. ఎడిటర్ ఏ సీనూ కట్ చేయలేదు. ఆ మాట చెప్పినా నమ్మేవాళ్లు ఉండరు.

ఇంతకీ తప్పు ఎవరిది? నిజానికి ఎవరిదీ కాదు. ఈ చిక్కుకు జవాబు 1948లోనే ఒక అమెరికన్ లెక్కల మేధావి రాసిపెట్టాడు. అప్పటికి స్మార్ట్‌ఫోన్ లేదు, డిజిటల్ వీడియో లేదు. ఆయన పేరు క్లాడ్ షానన్. రోజూ ఫోన్‌లో వీడియో చూసే ప్రతి ఒక్కరూ ఆయన లెక్క మీదే చూస్తున్నారు. కానీ ఆయన కథ తెలిసినవాళ్లు తక్కువ.

ముళ్లకంచె మీద టెలిగ్రాఫ్

క్లాడ్ ఎల్‌వుడ్ షానన్ 1916 ఏప్రిల్ 30న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, పెటోస్కీలో పుట్టాడు. పెరిగింది మాత్రం గేలార్డ్ అనే చిన్న ఊళ్లో. తండ్రి వ్యాపారి, కొంతకాలం జడ్జిగా కూడా చేశారు. తల్లి మేబెల్ భాషలు చెప్పే టీచర్, తర్వాత అదే ఊరి హైస్కూల్‌కు ప్రిన్సిపాల్.

పిల్లాడికి చిన్నప్పటి నుంచి వస్తువులు విప్పడం, బిగించడం అంటే పిచ్చి. విమానం బొమ్మలు చేసేవాడు, రేడియోతో నడిచే పడవ చేశాడు. అన్నిటికన్నా చెప్పుకోవాల్సింది ఇంకోటి ఉంది. అర మైలు దూరంలో ఉన్న స్నేహితుడి ఇంటికి సొంతంగా టెలిగ్రాఫ్ లైన్ వేశాడు. దారిలో పొలాల చుట్టూ కట్టిన ముళ్లకంచె తీగనే లైన్‌గా వాడేశాడు. ఉన్న తీగలో నుంచి వీలైనంత సమాచారం ఎలా పంపాలి అన్న ప్రశ్న ఆయనకు అక్కడే పరిచయమైంది. జీవితమంతా ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు.

ఆ పిల్లాడికి హీరో థామస్ ఎడిసన్. ఎడిసన్ తమకు దూరపు చుట్టమేనని ఆయనకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

1932లో మిషిగన్ యూనివర్సిటీలో చేరి, 1936లో రెండు డిగ్రీలతో బయటికొచ్చాడు. ఒకటి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, రెండోది మ్యాథమెటిక్స్. ఈ రెండూ ఒకే బుర్రలో కలవడమే తర్వాత ప్రపంచాన్ని మార్చింది.

స్విచ్చుల్లో లెక్కలు

ఆ తర్వాత మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో చేరాడు. అక్కడ వనెవర్ బుష్ అనే ప్రొఫెసర్ తయారుచేసిన ఒక భారీ లెక్కల యంత్రం ఉండేది. గది నిండా గేర్లు, ఇరుసులు. దాన్ని నడిపే పని షానన్‌కు అప్పగించారు. ఆ యంత్రాన్ని కంట్రోల్ చేసే రిలే స్విచ్చులు చూస్తుంటే ఆయనకు కాలేజీలో చదివిన జార్జ్ బూల్ తర్కం గుర్తొచ్చింది. స్విచ్ ఆన్ అయితే నిజం, ఆఫ్ అయితే అబద్ధం. అలా చూస్తే స్విచ్చులతో ఏ లెక్కనైనా చేయించవచ్చు.

1937లో ఈ సంగతినే మాస్టర్స్ థీసిస్‌గా రాశాడు. అప్పటికి ఆయన వయసు 21. ఈరోజు మన చేతిలో ఉన్న ఫోన్ ప్రాసెసర్ దాకా డిజిటల్ సర్క్యూట్లన్నీ ఆ ఆలోచన మీదే నిలబడ్డాయి. ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన మాస్టర్స్ థీసిస్‌లలో అతి ముఖ్యమైనది ఇదేనని చాలామంది అంటారు. 1940లో పీహెచ్‌డీ కూడా పూర్తి చేశాడు. అది మాత్రం జన్యుశాస్త్రం మీద!

యుద్ధం.. రహస్యాలు.. టీ కబుర్లు

1941లో షానన్ బెల్ ల్యాబ్స్‌లో చేరాడు. అమెరికా టెలిఫోన్ వ్యవస్థ వెనక ఉన్న పరిశోధన సంస్థ అది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. విమానాలను గురిచూసి కొట్టే ఫిరంగుల లెక్కలు, రహస్య సందేశాల సంకేత భాష.. ఈ రెండు పనులూ ఆయన మీద పడ్డాయి.

1943 మొదట్లో ఇంగ్లండ్ నుంచి ఇంకో మేధావి అక్కడికి వచ్చాడు. జర్మన్ ఎనిగ్మా కోడ్ ఛేదనలో కీలకమైన అలన్ ట్యూరింగ్. ఇద్దరూ క్యాంటీన్‌లో టీ దగ్గర కలుసుకునేవాళ్లు. ఇద్దరు చేసేదీ సంకేతాల పనే. కానీ సైనిక రహస్యం కాబట్టి దాని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. అందుకని ఆలోచించే యంత్రాల గురించి మాట్లాడుకున్నారు.

రహస్య సంకేతాల పనిలో షానన్‌కు ఒక విషయం బాగా అర్థమైంది. ఏ సందేశంలోనైనా ముందే ఊహించగలిగిన భాగం ఒకటి ఉంటుంది, ఊహకు అందని భాగం ఒకటి ఉంటుంది. శత్రువు కోడ్ పగలగొట్టేది ఊహించగలిగిన భాగాన్ని పట్టుకునే. మరి ఆ భాగాన్ని అసలు పంపకపోతే?

1948: బిట్ పుట్టిన ఏడాది

1948 జులైలో, అక్టోబర్‌లో బెల్ ల్యాబ్స్ సాంకేతిక పత్రికలో షానన్ వ్యాసం రెండు భాగాలుగా వచ్చింది. కమ్యూనికేషన్‌కు ఒక గణిత సిద్ధాంతం అన్నది దాని విషయం. సమాచారాన్ని కొలిచే యూనిట్‌గా బిట్ అనే మాట అచ్చులో మొదట వచ్చింది అందులోనే. ఆ పేరు పెట్టింది మాత్రం తన సహోద్యోగి జాన్ ట్యూకీ అని షానన్ ఆ వ్యాసంలోనే చెప్పాడు.

ఆయన చెప్పింది వినడానికి వింతగా ఉంటుంది. సమాచారం అంటే ఆశ్చర్యం. ముందే తెలిసిన విషయంలో సమాచారం లేదు. ఊహించలేనిదే అసలు సమాచారం.

పెళ్లి వీడియోతోనే చూద్దాం. మండపం, వెనక పూల డెకరేషన్, కెమెరా స్టాండ్ మీద కదలకుండా ఉంది. ఒక ఫ్రేమ్ చూస్తే తర్వాతి ఫ్రేమ్ దాదాపు అలాగే ఉంటుందని చెప్పేయొచ్చు. కొత్త సమాచారం చాలా తక్కువ, అందుకే బిట్లు కూడా తక్కువే పడతాయి. ఇప్పుడు తలంబ్రాలు మొదలయ్యాయి. ముత్యాలు, బియ్యం గింజలు, రంగు కాగితాలు నాలుగు వైపులా ఎగురుతున్నాయి. ఏ గింజ ఎటు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ప్రతి ఫ్రేమ్ కొత్తే. బిట్లు ఎగబాకుతాయి. రాత్రి బరాత్‌లో తక్కువ వెలుతురులో తీసిన వీడియోలో చుక్కలు చుక్కలుగా వచ్చే నాయిస్ కూడా అంతే. కంటికి అది పనికిరాని చెత్త. లెక్కకు మాత్రం ఊహించలేని సమాచారం. అందుకే చీకటి వీడియోల ఫైళ్లు అంత బరువుంటాయి.

షానన్ ఇంకో మెట్టు ముందుకెళ్లి, ఏ సందేశాన్నైనా ఏమీ పోకుండా ఎంతవరకు కుదించవచ్చో గీత గీశాడు. ఆ గీతకు కింద ఎవరూ వెళ్లలేరు. కానీ గీత దాకా ఎలా చేరాలో? దానికి దగ్గరగా పోవచ్చని నిరూపించాడు తప్ప, అన్నిటికీ పనికొచ్చే రెడీమేడ్ పద్ధతి మాత్రం ఇవ్వలేదు. ఫైల్ సైజుల్లో ఇప్పుడు కనిపించే తేడాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది. గమ్యం ఒకటే, దారులు మాత్రం ఎన్నో.

స్టూడెంట్ కనిపెట్టిన దగ్గరి దారి

దీనికి మొదటి రుజువు షానన్ సొంత పద్ధతిలోనే దొరికింది. సమాచారాన్ని కుదించడానికి ఆయన ఒక పద్ధతి చెప్పాడు. ఎంఐటీలో రాబర్ట్ ఫానో అనే ప్రొఫెసర్ కూడా అలాంటిదే కనిపెట్టాడు. బాగానే పనిచేసేవి. కానీ ప్రతిసారీ అతి చిన్న ఫలితం ఇవ్వవు.

1951లో ఫానో తన క్లాసుకు ఒక ఆఫర్ ఇచ్చాడు. ఫైనల్ పరీక్ష రాస్తారా, లేదంటే ఒక సమస్యకు పేపర్ రాస్తారా అని. సమస్య ఏంటంటే, అక్షరాలకు కోడ్‌లు ఇచ్చే అత్యుత్తమ పద్ధతి కనిపెట్టడం. డేవిడ్ హఫ్‌మన్ అనే స్టూడెంట్ పేపర్ ఎంచుకున్నాడు. నెలల తరబడి తంటాలు పడి, ఇక వదిలేసి పరీక్షకే చదువుకుందాం అనుకునే టైమ్‌లో దారి తట్టింది. ఫానో పైనుంచి కిందికి విడగొట్టుకుంటూ వచ్చాడు. హఫ్‌మన్ దాన్ని తిరగేసి, కిందినుంచి పైకి కలుపుకుంటూ పోయాడు. అంతే! ఒక్కో అక్షరానికి ఒక్కో కోడ్ ఇచ్చే పద్ధతుల్లో ఇంతకన్నా చిన్నది సాధ్యం కాదని తేలింది. 1952లో అది అచ్చయింది. మనం వాట్సాప్‌లో పంపే జేపీజీ ఫొటోల్లో ఈరోజుకీ హఫ్‌మన్ పద్ధతి నడుస్తోంది.

అదే సందేశం, అదే నియమం, ఏమీ పోగొట్టలేదు. అయినా సైజు తగ్గింది. జిప్ ఫైళ్లలోనూ ఇదే కనిపిస్తుంది. ఒకే ఫోల్డర్‌ను రెండు సాఫ్ట్‌వేర్లతో జిప్ చేస్తే సైజులు వేరుగా రావచ్చు. విప్పి చూస్తే లోపల ఒక్క అక్షరం కూడా తేడా ఉండదు. ఎవరు ఎంత ఓపిగ్గా వెతికారు అన్నదే తేడా.

1959: ఎంత పోగొట్టుకోవచ్చు?

వీడియో సంగతి వేరు. ఇక్కడ ఏమీ పోకుండా కుదిస్తే సరిపోదు. ఫుల్ హెచ్‌డీలో ఒక ఫ్రేమ్‌కు 20 లక్షలకు పైగా చుక్కలు. ఒక్కో చుక్కకు 24 బిట్లు, సెకనుకు 25 ఫ్రేములు లెక్కేస్తే గంట వీడియో దాదాపు 560 జీబీ. ఏ పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు? అదే గంట వీడియోను 4 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌లో పెడితే 1.8 జీబీ. అంటే మూడొందల వంతు. అంత తగ్గాలంటే కొంత పోగొట్టుకోక తప్పదు.

ఎంత పోగొట్టుకుంటే ఎంత మిగులుతుంది? 1948లోనే షానన్ ఈ ప్రశ్నను తాకి వదిలాడు. 1956లో ఎంఐటీకి ప్రొఫెసర్‌గా వెళ్లాక, 1959లో దీని మీద పూర్తి సిద్ధాంతం ఇచ్చాడు. క్వాలిటీలో ఇంత లోటు ఒప్పుకుంటే, కనీసం ఇన్ని బిట్లు కావాలి అని చెప్పే గీత అది. ఇంజినీర్లు దీన్నే రేట్-డిస్టార్షన్ అంటారు. ఇప్పటి మంచి వీడియో ఎన్‌కోడర్లన్నిటికీ గుండెకాయ ఇదే.

అయితే ఇక్కడ కూడా ఆయన చెప్పింది హద్దు మాత్రమే. హద్దు దాకా వెళ్లే బాధ్యత తర్వాతి తరాలకు వదిలేశాడు.

మనవాళ్ల చేయి కూడా ఉంది

ఆ దారిలో పెద్ద అడుగు వేసింది భారత మూలాలున్న ఇంజినీర్లు. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. బొమ్మను చుక్కలుగా కాకుండా అలలుగా విడగొట్టే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అనే పద్ధతి ఆయన ఆలోచన. 1972లో దీనికోసం అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగితే ఇవ్వలేదు. అయినా పని ఆపలేదు. 1974 జనవరిలో ఆయన, టి.నటరాజన్, కె.ఆర్.రావు కలిసి ఆ పేపర్ ప్రచురించారు.

ఈ కె.ఆర్.రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. పేరు వింటేనే తెలుగువాళ్లకు మన పక్కింటి మనిషిలా అనిపిస్తుంది. మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో 1952లో డిగ్రీ తీసుకుని అమెరికా వెళ్లారు. 1966 నుంచి టెక్సాస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్ క్యాంపస్‌లో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. 2021 జనవరిలో కన్నుమూశారు. జేపీజీ ఫొటో నుంచి హెచ్.264 వీడియో దాకా ఆ కొసైన్ లెక్క, లేదా దానికి దగ్గరి రూపం లేకుండా కథ నడవదు.

అలలుగా విడగొడితే లాభం ఏంటి? కంటికి పెద్దగా ఆనని సన్నటి వివరాలు ఒక పక్కకి వచ్చేస్తాయి. వాటిని తగ్గించేయొచ్చు. పట్టుచీర అంచు ఉంటుంది, దాని నేతలో అతి సన్నటి పోగు పోతుంది. ఎంత పోవాలి అన్నదాన్నే క్వాలిటీ నంబర్ నిర్ణయిస్తుంది.

ఎన్‌కోడర్ లోపల అసలు ఏం జరుగుతుంది?

2003లో హెచ్.264 ప్రమాణం వచ్చింది. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ ప్రమాణం ఫైల్‌ను ఎలా తయారు చేయాలో చెప్పదు. తయారైన ఫైల్‌ను ప్లేయర్ ఎలా విప్పి చూపించాలో మాత్రమే చెబుతుంది. వంటలా అనుకుంటే, వడ్డించిన పులిహోర ఎలా ఉండాలో రాసి ఉంది. చింతపండు ఎంతసేపు నానబెట్టాలి, పోపు ఎలా పెట్టాలి అన్నది వండేవాళ్ల ఇష్టం.

ఆ ఇష్టం ఎంత పెద్దదో చూడండి. ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్‌ను ఎన్‌కోడర్ 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు ఉన్న గళ్లుగా కోస్తుంది. అలాంటివి ఫ్రేమ్‌కు 8,160. సెకనుకు 25 ఫ్రేములైతే 2 లక్షల 4 వేల గళ్లు. మూడు నిమిషాల పెళ్లి టీజర్‌కే 3 కోట్ల 67 లక్షలు దాటతాయి. ప్రతి గడి దగ్గరా ప్రశ్నలే. దీన్ని ముందు ఫ్రేమ్ నుంచి తేవచ్చా? ఎటు జరిగింది? ఇంకా చిన్న ముక్కలుగా కోయాలా? పక్క గడి నుంచి ఊహించవచ్చా? ఇక్కడ ఇంకొంచెం క్వాలిటీ తగ్గిస్తే ఎన్ని బిట్లు మిగులుతాయి? చివరి ప్రశ్న షానన్ 1959లో వేసిందే.

నెమ్మదిగా, అన్ని దారులూ వెతికే ఎన్‌కోడర్‌కు మంచి జవాబులు దొరుకుతాయి. ఫోన్‌లో ఉండే హార్డ్‌వేర్ ఎన్‌కోడర్‌కు అంత టైమ్ ఉండదు. సెకనుకు 30 ఫ్రేములు రికార్డ్ చేస్తుంటే ఒక్కో ఫ్రేమ్‌కు దొరికేది 33 మిల్లీసెకన్లు. దొరికిన మొదటి మంచి దారి పట్టుకుని వెళ్లిపోతుంది. అందుకే అదే క్వాలిటీకి దానికి ఎక్కువ బిట్లు కావాలి.

ఇక సెట్టింగ్స్ ఒకటే అనుకోవడంలో కూడా మోసం ఉంది. స్క్రీన్ మీద కనిపించేవి నాలుగైదు, కనిపించనివి డజన్ల కొద్దీ.

* క్వాలిటీ నంబర్: ఎక్స్264 ఎన్‌కోడర్‌లో సీఆర్‌ఎఫ్ 23 డిఫాల్ట్. హ్యాండ్‌బ్రేక్, ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటి టూల్స్ దీన్ని వాడుకుంటాయి. హెచ్.265కు వచ్చే ఎక్స్265లో డిఫాల్ట్ 28. వేరే కంపెనీ ఎన్‌కోడర్‌లో అదే 23 అంటే ఇంకేదో అర్థం. ఒక టైలర్ నంబర్ 40 ఇంకో టైలర్‌కు 40 కానట్టే. ఎక్స్264లో ఈ నంబర్ ఒక ఆరు పెంచితే సైజు సుమారు సగానికి పడుతుంది. కాబట్టి చిన్న తేడా కూడా పెద్ద దెబ్బే.

* స్పీడ్ ప్రీసెట్: ఫాస్ట్ అంటే తక్కువ వెతుకులాట, స్లో అంటే ఎక్కువ వెతుకులాట. సీఆర్‌ఎఫ్ మార్చకుండా ఇది ఒక్కటి మార్చినా సైజు మారుతుంది.

* బిట్ల ప్యాకింగ్: హెచ్.264లో చివరి ప్యాకింగ్‌కు రెండు పద్ధతులున్నాయి. ఒకటి సింపుల్, హఫ్‌మన్ బాటలోది. రెండోది కష్టమైంది, కానీ పది శాతం అటూఇటూ పొదుపు చేస్తుంది. బేస్‌లైన్ ప్రొఫైల్‌లో ఆ రెండోది ఉండదు.

* కీ ఫ్రేములు: ముందు ఫ్రేమ్ మీద ఆధారపడకుండా మొత్తం బొమ్మ దాచే ఫ్రేములు ఇవి. ఒక టూల్ సెకనుకోసారి పెడుతుంది, ఇంకోటి పది సెకన్లకోసారి. ఎక్కువ పెడితే సైజు పెరుగుతుంది.

* ఆడియో: నాదస్వరం, మంత్రాలు 128 కేబీపీఎస్‌లో పెడితే గంటకు 57.6 ఎంబీ. 320లో పెడితే 144 ఎంబీ. వీడియో సెట్టింగ్స్ చూసి ఆడియో మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

* చూపించే లెక్క: 150 కోట్ల బైట్ల ఫైల్‌ను మ్యాక్ 1.5 జీబీ అంటుంది, విండోస్ దాదాపు 1.4 జీబీ అంటుంది. ఫైల్ ఒకటే! ఒకరు వెయ్యి లెక్కన, ఇంకొకరు 1,024 లెక్కన భాగిస్తారు.

మరి సైజు ఒకేలా రావాలంటే? సగటు బిట్‌రేట్ ఫిక్స్ చేసి, రెండు పాస్‌లలో రెండర్ పెట్టాలి. బిట్‌రేట్‌ను టైమ్‌తో గుణిస్తే సైజు వస్తుంది కాబట్టి రెండు టూల్స్‌లోనూ దగ్గర దగ్గరగా వస్తుంది. కానీ అప్పుడు తేడా సైజులోంచి క్వాలిటీలోకి మారుతుంది. తక్కువ తెలివైన ఎన్‌కోడర్ తలంబ్రాల సీన్‌లో గళ్లు గళ్లుగా చూపిస్తుంది. ఏదో ఒక చోట తేడా బయటపడాల్సిందే.

ఎలుక, ఒంటిచక్రం సైకిల్, జూదం కంప్యూటర్

ఇంత పని చేసిన మనిషి ఎలా ఉండేవాడు? పెద్ద సూటు వేసుకుని లెక్చర్లు దంచే రకం అనుకుంటే పొరపాటే. బెల్ ల్యాబ్స్ వరండాల్లో ఒంటిచక్రం సైకిల్ తొక్కేవాడు. చేతులతో బంతులు ఎగరేసేవాడు. నిప్పులు కక్కే ట్రంపెట్ తయారు చేశాడు. 1950లో తీసియస్ అనే ఎలుక బొమ్మ చేశాడు. చిక్కుదారుల పెట్టెలో వదిలితే తడుముకుంటూ దారి కనుక్కునేది, రెండోసారి తప్పుల్లేకుండా నేరుగా వెళ్లేది. కంప్యూటర్‌తో చదరంగం ఎలా ఆడించవచ్చో రాసిన తొలి పేపర్లలో ఒకటి ఆయనదే. 1961లో ఎడ్వర్డ్ థోర్ప్‌తో కలిసి, రౌలెట్‌లో బంతి ఎక్కడ పడుతుందో అంచనా వేసే చిన్న కంప్యూటర్‌ను ఒంటికి తగిలించుకుని లాస్ వెగాస్‌లో పరీక్షించాడు.

1949లో బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసే గణితవేత్త బెట్టీ మూర్‌ను పెళ్లి చేసుకున్నాడు. అంతకుముందు ఒక పెళ్లి జరిగి, ఎక్కువ కాలం నిలవలేదు. బెట్టీ మాత్రం ఆయనకు ఇంట్లోనూ, పనిలోనూ తోడు. ఇంగ్లిష్‌లో ఎంత భాగం ముందే ఊహించవచ్చో తేల్చడానికి షానన్ ఇంట్లోనే ఆట ఆడించేవాడు. పుస్తకంలో ఒక్కో అక్షరం చూపించి తర్వాతిది ఏంటో బెట్టీని చెప్పమనేవాడు. శుభలేఖలో ఆహ్వా అని చూడగానే మిగతాది మనం చదవకుండానే చెప్పేస్తాం కదా.. అదే ఆట. 1951లో ఆ ఫలితాలు ప్రచురించాడు. ఇప్పుడు ఫోన్ కీబోర్డులో తర్వాతి మాట ముందే కనిపించడం వెనక ఉన్నది కూడా ఆ ఆలోచనే.

పేరొచ్చాక చాలామంది ఆయన సిద్ధాంతాన్ని మనస్తత్వ శాస్త్రం నుంచి ఆర్థిక శాస్త్రం దాకా ప్రతిదానికీ అంటగట్టడం మొదలుపెట్టారు. షానన్‌కు అది నచ్చలేదు. 1956లో చిన్న వ్యాసం రాసి, కాస్త ఆగండి, ముందు మన రంగంలో గట్టి పని చేద్దాం అన్న అర్థంలో హెచ్చరించాడు. మెల్లగా సభలకు వెళ్లడం కూడా తగ్గించేశాడు. 1978లో రిటైర్ అయ్యాడు.

1985లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ఆయన రంగం వాళ్ల సదస్సు జరుగుతుంటే చెప్పాపెట్టకుండా వచ్చాడు. ఆయనే షానన్ అని తెలియగానే హాల్ అంతా గుసగుసలు. ఆటోగ్రాఫ్‌లకు క్యూ కట్టారు. మాట్లాడమని పట్టుబడితే, కాసేపు మాట్లాడి, జేబులోంచి బంతులు తీసి ఎగరేశాడు. అదే ఏడాది జపాన్ వాళ్లు క్యోటో ప్రైజ్ ఇచ్చారు.

గుర్తులు చెరిగిపోయిన చివరి రోజులు

ఆ తర్వాతి సంవత్సరాలు ఇంటివాళ్లకు చాలా కష్టంగా గడిచాయి. షానన్‌కు అల్జీమర్స్ వచ్చింది. జ్ఞాపకాలు ఒక్కొక్కటిగా జారిపోయాయి. చివరికి నర్సింగ్ హోమ్‌లో ఉంచాల్సి వచ్చింది. బయట ప్రపంచంలో ఇంటర్నెట్ ఇళ్లలోకి వస్తోంది, సెల్‌ఫోన్లు చేతుల్లోకి వస్తున్నాయి, సినిమాలు డీవీడీల్లోకి ఎక్కుతున్నాయి. అన్నిటికీ పునాది ఆయన లెక్కే. ఆ సంగతి తెలుసుకునే స్థితిలో మాత్రం ఆయన లేడు.

2001 ఫిబ్రవరి 24న మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫోర్డ్‌లో, 84 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. హెచ్.264 రావడానికి ఇంకా రెండేళ్లు ఉంది. ఈరోజు కోట్ల మంది ఫోన్లలో నడిచే వీడియోను ఆయన చూడనేలేదు.

మళ్లీ పేట్ బషీరాబాద్‌కు..

ఇప్పుడు ఆ రెండు పెన్‌డ్రైవ్‌ల దగ్గరికి వద్దాం. 1.4 జీబీ ఫైల్‌లో సీన్లు కట్ అయ్యాయా? నిడివి చూస్తే తెలిసిపోతుంది. రెండిటిలోనూ గంటలు, నిమిషాలు, సెకన్లు ఒకటే ఉంటే ఏదీ పోలేదు. క్వాలిటీ తగ్గిందా? అది సైజు చూసి చెప్పలేం. పెద్ద ఫైల్ అంటే మంచి ఫైల్ అని కాదు. బద్ధకంగా వెతికిన ఎన్‌కోడర్ కూడా పెద్ద ఫైలే ఇస్తుంది. చిన్న ఫైల్ అంటే మోసమూ కాదు. ఓపిగ్గా వెతికింది కావచ్చు. లేదా నిజంగానే క్వాలిటీ కోసేసింది కూడా కావచ్చు.

తేల్చుకోవాలంటే ఒకటే దారి. రెండు ఫైళ్లలోనూ కష్టమైన సీన్ ఒకటి పక్కపక్కన పెట్టి టీవీలో చూడాలి. మండపం సీన్ పనికిరాదు, అక్కడ అన్నీ బాగానే కనిపిస్తాయి. తలంబ్రాలు, బరాత్‌లో డ్యాన్స్, పూలజల్లు.. ఇవి చూడాలి. ముఖాలు, చీర అంచులు, ఎగిరే గింజలు తేడా లేకుండా కనిపిస్తే చిన్న ఫైలే తెలివైన ఫైల్. గళ్లు, మసక కనిపిస్తే ఎడిటర్‌ను మళ్లీ రెండర్ పెట్టమని అడగడంలో తప్పులేదు. ఎడిటర్లకు కూడా ఒక మాట. రెండు ఇళ్లకీ ఇవ్వాలంటే ఒకసారే రెండర్ పెట్టి, అదే ఫైల్‌ను కాపీ చేసి ఇస్తే అసలు గొడవే ఉండదు.

ముళ్లకంచె తీగ మీద మెసేజ్ పంపిన ఆ పిల్లాడు జీవితమంతా చేసింది ఈ లెక్కే. ఏది ఉంచాలి, ఏది వదిలేయొచ్చు, ఎంత తక్కువలో మనిషికి కావాల్సింది చేరుతుంది. దీనికి హద్దు ఆయన చెప్పి వెళ్లాడు. ఆ హద్దు దాకా వెళ్లే దారిని ప్రతి ఎన్‌కోడర్ తన తెలివి కొద్దీ వెతుక్కుంటోంది. పెళ్లికూతురి ఇంట్లో ఒక సైజు, పెళ్లికొడుకు ఇంట్లో ఒక సైజు రావడానికి కారణం అంతే. పెళ్లి మాత్రం రెండిటిలోనూ ఒకటే.